6.5 క్రీడ్‌మూర్ రివ్యూ: వెయ్యి గజాల టార్గెట్‌కి నా ఓటు దీనికే

లాంగ్ రేంజ్ టార్గెట్ షూటింగ్ మొదలుపెడుతూ ఏ కార్ట్రిడ్జ్‌కి (తూటా రకానికి) రైఫిల్ తీసుకోవాలని ఎవరు అడిగినా నేను చెప్పే జవాబు 6.5 క్రీడ్‌మూర్. చాలాకాలం .308 విన్చెస్టర్ కాల్చి, తర్వాత దీనికి మారి, మధ్యలో 6 ఎంఎం డాషర్‌తో ఒక బారెల్ పూర్తిగా అరగదీసి, మళ్లీ దీని దగ్గరికే వచ్చాను కాబట్టి గట్టిగానే చెబుతున్నాను. అయితే బాలిస్టిక్స్ పట్టికలో దీని అంకెలు బాగున్నాయన్నది నా అసలు కారణం కాదు. అంతకంటే మంచి అంకెలు చూపించే కార్ట్రిడ్జ్‌లు డజను దొరుకుతాయి. నాకు కావలసింది వేరు. గుండు పక్కకి పోయినప్పుడు ఎందుకు పోయిందో నాకు తెలియాలి. గాలి అంచనా తప్పిందా, ట్రిగ్గర్ లాగడంలో చెయ్యి కదిలిందా, లేక తూటాలోనే తేడా ఉందా, ఈ మూడిట్లో ఏదో తేలకపోతే వెయ్యి తూటాలు కాల్చినా మనిషి మెరుగుపడడు. ఆ సంగతి తేటగా చెప్పే కార్ట్రిడ్జ్‌లలో ఇంత సులువుగా దొరికేది, ఇంతకాలం బారెల్ నిలిచేది నాకు ఇంకోటి కనబడలేదు.

కొత్తవాళ్ల కోసం దీని పుట్టుక కొంచెం. హార్నడీ కంపెనీ 2007లో దీన్ని బయటపెట్టింది. .30 టీసీ అనే కార్ట్రిడ్జ్ కేసు (పౌడర్ పట్టే ఇత్తడి గొట్టం) మెడని 6.5 ఎంఎం బుల్లెట్‌కి సరిపోయేలా కుదించారు. అమెరికాలో లాంగ్ ఐలండ్‌లో ఒకప్పుడు ఉన్న క్రీడ్‌మూర్ రేంజ్ పేరు దీనికి పెట్టారు. 1874లో ఐర్లండ్, అమెరికా జట్లు 800, 900, 1,000 గజాల దగ్గర పోటీపడ్డ రేంజ్ అదే, అమెరికా 934-931 స్కోరుతో గెలిచింది. పేరులోనే టార్గెట్ షూటింగ్ ఉంది. డిజైన్ కూడా అలాగే చేశారు, వేటకి తయారుచేసి తర్వాత పోటీలకి సర్దుకున్నది కాదు.

డిజైన్‌లో తెలివి ఎక్కడుందంటే, కేసు పొడవులో. 6.5 ఎంఎం బుల్లెట్లు గాలిని బాగా చీల్చుకుని పోతాయన్న సంగతి కొత్తదేం కాదు, స్వీడన్, నార్వే సైన్యాలు 6.5×55ని 1894లోనే తీసుకున్నాయి. 1997లో .260 రెమింగ్టన్ వచ్చింది, అంకెల్లో క్రీడ్‌మూర్‌కి ఏమీ తీసిపోదు. కానీ .260 కేసు పొడవు 2.035 అంగుళాలు, క్రీడ్‌మూర్‌ది 1.920. షార్ట్ యాక్షన్ (పొట్టి తూటాలకి సరిపడే బోల్టు ఉన్న) రైఫిల్ మ్యాగజీన్‌లో పట్టే తూటా మొత్తం పొడవు 2.8 అంగుళాల చిల్లర. కేసు పొడవుగా ఉంటే, సన్నగా పొడుగ్గా ఉండే మ్యాచ్ (పోటీ రకం) బుల్లెట్‌ని లోపలికి బాగా దించాలి, అది పౌడర్ చోటుని తినేస్తుంది, పైగా బుల్లెట్ ముక్కు వంపు మొదలయ్యే చోటు కేసు మెడలోకి వచ్చేస్తుంది. క్రీడ్‌మూర్‌లో ఆ గొడవ లేదు. కేసు పొట్టి, భుజం 30 డిగ్రీలు, మెడ తగినంత పొడవు, బుల్లెట్ ఎక్కడ ఉండాలో అక్కడ ఉంటుంది. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన పెట్టెలోని తూటా మ్యాగజీన్‌లో పెట్టి నేరుగా వెయ్యి గజాలకి కాల్చుకునేలా మొదటినుంచీ ఆలోచించి చేశారని దీన్ని బట్టే తెలుస్తుంది. 2005లో వచ్చిన 6.5×47 లపువా కూడా ఇదే ఆలోచన, చాలా నాణ్యమైన కార్ట్రిడ్జ్, కానీ ఫ్యాక్టరీ తూటాలు అంత విరివిగా దొరకవు.

ఇప్పుడు గాలి. లాంగ్ రేంజ్ అంటే గాలే. దూరానికి బుల్లెట్ ఎంత కిందికి దిగుతుందో లెక్క కడితే వస్తుంది, రేంజ్‌ఫైండర్, బాలిస్టిక్ యాప్, స్కోప్ టరెట్ (గురి సర్దే మర) ఉంటే ఆ పని అయిపోతుంది. 100 గజాల దగ్గర జీరో చేసిన (గురి సరిగ్గా కుదిర్చిన) రైఫిల్‌తో వెయ్యి గజాలకి .308కి 11-12 మిల్ (స్కోప్ కోణం కొలత), 6.5కి దాదాపు 9 మిల్ పైకి తిప్పాలి, తిప్పడానికి ఏం కష్టం? గాలి అలా కాదు, ప్రతి క్షణం మారుతుంది, కాల్చే చోట ఒకలా, మధ్యలో ఒకలా, టార్గెట్ దగ్గర ఇంకోలా ఉంటుంది. సముద్ర మట్టం దగ్గర గంటకి 10 మైళ్ల అడ్డగాలి వీస్తుంటే, సెకనుకి 2,600 అడుగుల వేగంతో బయల్దేరిన .308 బుల్లెట్, 175 గ్రెయిన్లది (గ్రెయిన్ అంటే బుల్లెట్ బరువు కొలత), వెయ్యి గజాల దగ్గర దాదాపు 100 అంగుళాలు పక్కకి పోతుంది. అదే గాలిలో 6.5 క్రీడ్‌మూర్ 140 గ్రెయిన్ల ఈఎల్‌డీ మ్యాచ్ (హార్నడీ పోటీ బుల్లెట్), సెకనుకి 2,710 అడుగులతో, 70 అంగుళాల పైచిలుకు పోతుంది. అంటే సుమారు నాలుగో వంతు కంటే ఎక్కువే తగ్గినట్టు.

ఈ అంకెని చూసి "అబ్బో" అనుకుని ఆగిపోకుండా టార్గెట్ మీద పెట్టి చూడండి. రైఫిల్‌ని ఆనించి పడుకుని కాల్చే ఎఫ్-క్లాస్ పోటీల అమెరికా టార్గెట్‌లో వెయ్యి గజాల దగ్గర 10 పాయింట్ల వలయం వ్యాసం 10 అంగుళాలు, 9 పాయింట్ల వలయం 20 అంగుళాలు. మధ్య నుంచి అయిదు అంగుళాలు దాటితే పది పోయినట్టే. గాలి అంచనాలో గంటకి ఒక మైలు తప్పు చేస్తే .308 పది అంగుళాలు పోతుంది, అంటే తొమ్మిది అంచు మీద పడుతుంది. 6.5 ఏడు అంగుళాలు పోయి హాయిగా తొమ్మిదిలో ఉంటుంది. అర మైలు తప్పు చేస్తే .308 పది గీత మీద ఊగిసలాడుతుంది, 6.5 మూడున్నర అంగుళాల్లో పదిలోనే ఉంటుంది. మన రోజువారీ తప్పులు ఈ అర మైలుకీ ఒక మైలుకీ మధ్యలోనే ఉంటాయి, ఎంత అనుభవం ఉన్నవాళ్లకైనా. తేడా అక్కడే స్కోర్‌లో కనబడుతుంది. అయితే ఒకటి గమనించండి, మైలు తప్పుకి 6.5 కూడా పది ఇవ్వలేదు. పెద్ద .300 మ్యాగ్నమ్ తెచ్చినా ఆరు అంగుళాలు పోతుంది, అది కూడా తొమ్మిదే. గాలి చదవడం నేర్చుకోకుండా పెద్ద కార్ట్రిడ్జ్ కొని గట్టెక్కుదామంటే కుదరదు.

గాలి పక్కలకి లాగితే, వేగంలో తేడాలు పైకీ కిందికీ లాగుతాయి. దీని మీద కొనేవాళ్లు పెట్టాల్సినంత దృష్టి పెట్టరని నా ఫిర్యాదు. వెయ్యి గజాల దగ్గర 6.5 క్రీడ్‌మూర్‌లో సెకనుకి 10 అడుగుల వేగం తేడా వస్తే గుండు రెండున్నర మూడు అంగుళాలు పైకో కిందికో మారుతుంది. ఒక పెట్టెలోని తూటాల్లో అతి వేగంగా పోయినదానికీ అతి నెమ్మదిగా పోయినదానికీ 50 అడుగుల తేడా ఉంటే, మీరు ఏ తప్పూ చేయకపోయినా గుళ్లు అడుగు ఎత్తున పరుచుకుంటాయి. పది వలయం ఎత్తే పది అంగుళాలు! అందుకే చవగ్గా వచ్చే మామూలు సాధన తూటాలతో వెయ్యి గజాలకి కాల్చడం వల్ల ఉపయోగం లేదు, గుండు కింద పడితే తప్పు మీదో తూటాదో ఎప్పటికీ తేలదు. ఒక కంపెనీ "మ్యాచ్" అని పెట్టె మీద పెద్ద అక్షరాలతో రాసి అమ్మిన 6.5 తూటాలు ఒకసారి కొన్నాను, పేరు అనవసరం. 100 గజాల దగ్గర గుంపు ముచ్చటగా వచ్చింది, ఒక్క చిల్లులాగే కనిపించింది. అవే తూటాలు 800 గజాలకి తీసుకెళ్లేసరికి గుళ్లు ఒకదాని మీద ఒకటి నిలువుగా పేర్చినట్టు పడ్డాయి, అటూ ఇటూ మాత్రం కదల్లేదు. వేగం కొలిచే రాడార్ క్రోనోగ్రాఫ్ పక్కన పెట్టి చూస్తే విషయం తేలిపోయింది, ఒక్కో తూటా ఒక్కో వేగం. నిలువు గీత కనబడితే తూటాని అనుమానించాలి, అడ్డ గీత కనబడితే గాలిని అనుమానించాలి, ఇది మొదట్లోనే ఒంటికి పట్టించుకుంటే చాలా తూటాలు మిగులుతాయి.

మంచి 6.5 మ్యాచ్ తూటాల్లో ఈ వేగం తేడా తక్కువగా ఉంటుంది, అదే దీని అసలు బలం. కారణం మాయ కాదు, ఈ కార్ట్రిడ్జ్‌ని కొనేవాళ్లలో ఎక్కువమంది దూరం కాల్చేవాళ్లే కాబట్టి కంపెనీలు కేసు మందం, పౌడర్ తూకం, బుల్లెట్ బరువు మీద శ్రద్ధ పెడతాయి. సొంతంగా తూటాలు కట్టుకునేవాళ్లకి చిన్న రైఫిల్ ప్రైమర్ (పౌడర్‌ని రగిలించే మూత) పట్టే లపువా కేసులు కూడా ఉన్నాయి, అవి ఎక్కువసార్లు వాడుకోవచ్చు. కట్టుకోవడం గురించి ఇక్కడ ఇంతకంటే రాయను, అది పుస్తకాలు, తూకం, మంచి గురువు పక్కన ఉండి నేర్చుకోవాల్సిన పని.

ఇక రైఫిల్ వెనక్కి తన్నడం గురించి. రీకాయిల్ అనగానే చాలామంది భుజం నొప్పి గురించి మాట్లాడతారు. టార్గెట్ షూటింగ్‌లో అది రెండో సంగతి. ట్రిగ్గర్ లాగిన తర్వాత స్కోప్‌లో ఏం కనబడుతోంది అన్నదే ముఖ్యం. ఎనిమిది పది కిలోల రైఫిల్, ముందు తన్ను తగ్గించే మజిల్ బ్రేక్, ఒంటిని రైఫిల్ వెనక సూటిగా పెట్టి కాలిస్తే 6.5 స్కోప్‌లోంచి టార్గెట్ పూర్తిగా తప్పిపోదు. కొంచెం ఎగిరి, మళ్లీ దిగి, అక్కడే నిలబడుతుంది. వెయ్యి గజాలకి బుల్లెట్ చేరడానికి సుమారు సెకనున్నర పడుతుంది, ఆ సెకనున్నరలో రైఫిల్ సర్దుకుని, గాలిలో బుల్లెట్ వెనక కదిలే పలుచని తెరలాంటి జాడ, ట్రేస్ అంటారు దాన్ని, వంపు తిరిగి టార్గెట్ మీదికి దిగడం సొంత కళ్లతో చూడొచ్చు. స్టీల్ ప్లేట్ ఎడమ అంచు దగ్గర బూడిద రంగు మరక పడ్డం, ప్లేట్ గొలుసు మీద తిరగడం, ఆ తర్వాత ఎప్పుడో మూడు సెకన్లకి "టంగ్" మని శబ్దం వెనక్కి రావడం. అలా ఎడమ అంచున తగిలిందని నాకే కనబడితే, తర్వాతి తూటాకి ఎంత దిద్దుకోవాలో ఎవరినీ అడగక్కర్లేదు. అదే బరువు రైఫిల్‌లో 6.5 తన్ను .308 కంటే దాదాపు నాలుగో వంతు తక్కువ. వినడానికి చిన్న తేడాలా ఉంటుంది కానీ గుండు తగిలింది చూడగలగడానికీ చూడలేకపోవడానికీ మధ్య గీత సరిగ్గా అక్కడే పడుతుంది.

.308ని తీసిపారేయడం నాకు ఇష్టం లేదు. 1952లో వచ్చింది, ఇప్పటికీ స్కోప్ లేకుండా కాల్చే పాల్మా పోటీలు, ఎఫ్-క్లాస్‌లోని ఎఫ్-టీఆర్ పోటీలు దీని మీదే నడుస్తున్నాయి. ఎఫ్-టీఆర్‌లో .308, .223 తప్ప ఇంకోటి ఒప్పుకోరు, బైపాడ్ అనే రెండు కాళ్ల స్టాండుతో కలిపి రైఫిల్ బరువు 8.25 కిలోలు దాటకూడదు. ఆ పోటీకి వెళ్లాలని నిర్ణయించుకున్నవాళ్లు ఈ రివ్యూ ఇక్కడితో ఆపేసి .308 కొనుక్కోవచ్చు, నిబంధనే నిర్ణయించేసింది. బారెల్ కూడా దీంట్లో బాగా నిలుస్తుంది, అయిదు వేల తూటాలు దాటినా చక్కగా కాల్చే బారెళ్లు మామూలే. గాలి చదవడం నేర్పడంలో కూడా .308 గట్టి మాస్టారు, చిన్న తప్పుకి పెద్ద శిక్ష వేస్తుంది. కానీ దీనికో ఇబ్బంది ఉంది, వెయ్యి గజాల దగ్గరికి వచ్చేసరికి బుల్లెట్ వేగం ధ్వని వేగానికి దగ్గర పడిపోతుంది. ధ్వని వేగం 15 డిగ్రీల సెల్సియస్ దగ్గర సెకనుకి దాదాపు 1,116 అడుగులు. దానికి కాస్త పైనుంచే, 1,340 అడుగుల ప్రాంతం నుంచే బుల్లెట్ మీద గాలి ఒత్తిడి తీరు మారిపోయి కొన్ని బుల్లెట్లు తూలడం మొదలుపెడతాయి. .308 175 గ్రెయిన్లది సముద్ర మట్టం దగ్గర వెయ్యి గజాలకి దాదాపు 1,200 అడుగులకి పడిపోతుంది. అంటే టార్గెట్ చేరకముందే ఆ గడ్డు చోట్లోకి అడుగుపెడుతుంది.

ఇక్కడ బుల్లెట్ ఎంపిక ఎంత మార్పు తెస్తుందో చూడాలంటే సియెర్రా వాళ్ల రెండు మ్యాచ్‌కింగ్‌లని పక్కపక్కన పెట్టుకోవాలి. 168 గ్రెయిన్ల మ్యాచ్‌కింగ్ 300 మీటర్ల పోటీల కోసం చేసింది, అక్కడ దానికి తిరుగులేదు. దాని తోక 13 డిగ్రీల కోణంలో సన్నబడుతుంది. 175 గ్రెయిన్ల దాని తోక కోణం 9 డిగ్రీలు. రెంటినీ అరచేతిలో పెట్టుకుని చూస్తే తేడా కనబడీ కనబడకుండా ఉంటుంది. కానీ ఆ నాలుగు డిగ్రీల వల్లే 168 ధ్వని వేగం దగ్గర నిలకడ తప్పుతుంది, 175 నెట్టుకొస్తుంది. 168 కొని 600 గజాల దాకా అద్భుతంగా కాల్చి, వెయ్యి గజాల దగ్గర గుళ్లు ఎక్కడికి పోతున్నాయో తెలియక రైఫిల్‌నీ స్కోప్‌నీ తిట్టుకునేవాళ్లు ఎంతమందో. బరువు ఒక్కటే చూసి, ఏడు గ్రెయిన్లకి ఏం తేడా వస్తుందిలే అనుకుంటే ఇలాగే ఉంటుంది. 6.5 క్రీడ్‌మూర్ 140 గ్రెయిన్లది వెయ్యి గజాల దగ్గర ఇంకా 1,400 అడుగుల పైన ఉంటుంది, గడ్డు చోటు దానికి 1,100 గజాలు దాటాకే వస్తుంది. అంతవరకూ నిశ్చింతగా ఉండొచ్చు.

6 ఎంఎం సంగతి. బ్యారికేడ్ల మీద, టైర్ల మీద, గడియారం పెట్టి కాల్చే పీఆర్‌ఎస్ లాంటి పోటీల్లో పై వరుసలో ఉన్నవాళ్లలో ఎక్కువమంది వాడేది 6 ఎంఎం డాషర్, 6 జీటీ, వాటి చుట్టాలే. తన్ను .308తో పోలిస్తే సగానికి దగ్గరగా పడిపోతుంది, రైఫిల్ అసలు కదిలినట్టే ఉండదు, ఊగే కర్ర మీద ఆనించి కాల్చేటప్పుడు కూడా గుండు తగలడం కళ్లారా కనిపిస్తుంది. డాషర్‌తో కాల్చిన కాలం నాకు చాలా నచ్చింది, దాని ఖచ్చితత్వం గురించి చెప్పేదంతా నిజమే. మరి ఎందుకు వదిలేశానంటే, ఫ్యాక్టరీ తూటాలు అన్నిచోట్లా దొరకవు, తూటా కట్టే పనిలో సాయంత్రాలన్నీ పోతాయి. ఇంకో సంగతి, 105 గ్రెయిన్ల చిన్న బుల్లెట్ దూరంలోని స్టీల్ ప్లేట్‌ని గట్టిగా కదపదు, ఎండమావులు కదిలే వేళ స్కోరు రాసే ఆయనకి అది తగిలినట్టే కనబడకపోవచ్చు. తగిలిన గుండుకి పాయింటు రాకపోతే కడుపు మండుతుంది. 6 ఎంఎం క్రీడ్‌మూర్‌కి ఫ్యాక్టరీ తూటాలు దొరుకుతాయి, కానీ సన్నని గొట్టం లోంచి ఎక్కువ పౌడర్ మండాలి కాబట్టి బారెల్‌ని త్వరగా తినేస్తుంది. పోటీల్లో పైస్థాయికి వచ్చి, ఏడాదికో బారెల్ మార్చడానికి సిద్ధంగా ఉన్నవాళ్లకి 6 ఎంఎం సరైనది. మొదటి రైఫిల్‌కి కాదు.

పెద్దవాటి గురించి తొందరగా చెప్పేస్తాను. ఎఫ్-క్లాస్‌లో ఇంకో విభాగమైన ఎఫ్-ఓపెన్‌లో .284 విన్చెస్టర్‌తో 180 గ్రెయిన్ల 7 ఎంఎం బుల్లెట్లు వాడేవాళ్లు గాలిలో 6.5ని ఓడిస్తారు, అక్కడ రైఫిల్ పది కిలోల దాకా ఉండొచ్చు, ముందు రైఫిల్‌ని ఆనించే స్టాండు ఉంటుంది, కాబట్టి తన్ను అంతగా బాధించదు. .300 విన్చెస్టర్ మ్యాగ్నమ్, .338 లపువా మ్యాగ్నమ్ వెయ్యి గజాల కాగితం టార్గెట్‌కి అనవసరం. మైలు దూరం, అంతకు మించి కాల్చాలనుకునేవాళ్లవి అవి. ఎన్నో రేంజ్‌లలో వాటిని కాల్చనివ్వరు కూడా, వెనక మట్టి గోడ సరిపోదనో, స్టీల్ ప్లేట్లు గుంటలు పడతాయనో. పీఆర్‌ఎస్‌లో .30 క్యాలిబర్, సెకనుకి 3,200 అడుగులు పరిమితి. కొనేముందు మీరు కాల్చబోయే రేంజ్ నిబంధనలు, పోటీ నిబంధనలు, మీ లైసెన్సు ఏ క్యాలిబర్‌కి వర్తిస్తుందన్నది ముందు చూసుకోండి, తర్వాతే బాలిస్టిక్స్.

6.5లో నాకు నచ్చని సంగతి బారెల్ ఆయుష్షు. .308 నుంచి వచ్చినవాళ్లకి ఇది గుచ్చుకుంటుంది. రెండు వేలకీ మూడు వేలకీ మధ్య ఎక్కడో పోటీ స్థాయి ఖచ్చితత్వం జారిపోతుంది, వేడెక్కినా ఆపకుండా గబగబా కాల్చేవాళ్లకి ఇంకా ముందే. బారెల్ లోపల చూపించే బోర్‌స్కోప్ పెట్టి చాంబర్ ముందు భాగం, గొంతు అంటామే, అది చూస్తే అర్థమవుతుంది. కొత్తలో నిగనిగలాడే గీతలు పోయి, ఎండిపోయిన చెరువు అడుగులా నల్లటి పగుళ్లు వల అల్లుకుని ఉంటాయి. ఆ పగుళ్లు రాగానే బారెల్ పోయినట్టు కాదు, బోర్‌స్కోప్‌లో భయంకరంగా ఉండి కాగితం మీద ఇంకా చక్కగా కాల్చే బారెళ్లు ఎన్నో. గమనించాల్సింది వేరే. గొంతు ముందుకి జరిగేకొద్దీ అదే తూటా వేగం నెమ్మదిగా తగ్గుతుంది, యాప్‌లో పాత వేగం అలాగే ఉండిపోతుంది, గుళ్లన్నీ కొంచెం కిందికి పడుతుంటాయి. కాబట్టి కొన్ని వందల తూటాలకోసారి క్రోనోగ్రాఫ్‌తో వేగం మళ్లీ చూసుకోవడం ఈ కార్ట్రిడ్జ్‌తో తప్పనిసరి. బారెల్‌ని కూడా తూటాల్లాగే అయిపోయే సరుకుగా లెక్కేసుకుంటే మనసు స్థిమితంగా ఉంటుంది. పోగొట్టుకోవడం ఇష్టం లేక బారెల్‌ని దాచుకుని తక్కువ కాల్చేవాళ్లని చూస్తే నాకు జాలేస్తుంది, నేర్చుకోవడమే ఆగిపోతుంది కదా.

రైఫిల్ కొనేటప్పుడు ఒక చిన్న పరీక్ష, ట్విస్ట్, అంటే బుల్లెట్‌ని తిప్పే బారెల్ గాడుల చుట్టు, ఎంత ఉందో అడగండి. 6.5కి 8 అంగుళాలకి ఒక చుట్టు ఉండాలి. 140, 147 గ్రెయిన్ల పొడుగాటి బుల్లెట్లు నిలకడగా తిరగాలంటే అంత వేగంగా తిప్పాలి. దాదాపు అన్ని క్రీడ్‌మూర్ రైఫిళ్లు ఇలాగే వస్తాయి, అయినా అడగండి. .308లో 12 అంగుళాలకి ఒక చుట్టున్న పాత బారెళ్లు తిరుగుతుంటాయి, అవి బరువైన బుల్లెట్లకి పనికిరావు.

తూటాలు కొనే పద్ధతి గురించి కాస్త వివరంగా. ఒకేసారి పెద్ద మొత్తం కొనకండి. రెండు మూడు రకాల మ్యాచ్ తూటాలు తలా ఒకటి రెండు పెట్టెలు తెచ్చుకోండి, 140 గ్రెయిన్లు ఒకటి, 147 ఒకటి, వేరే కంపెనీది ఒకటి. 100 గజాల దగ్గర మూడేసి కాల్చి చిన్న గుంపు వచ్చిందాన్ని ఎంచుకోవడం అందరూ చేసే పని. మూడు గుళ్లతో ఏమీ తెలియదు, అదృష్టం కూడా గుంపులాగే కనబడుతుంది. ఒక్కోదాన్ని కనీసం పది కాల్చండి, బారెల్ వేడెక్కకుండా ఆగి ఆగి, క్రోనోగ్రాఫ్ ఆన్ చేసి. పది గుళ్ల గుంపు మూడు గుళ్ల గుంపు కంటే పెద్దదిగానే వస్తుంది, కంగారుపడకండి, అదే మీ రైఫిల్ నిజమైన శక్తి. గుంపు దాదాపు సమానంగా ఉంటే వేగం తేడా తక్కువున్నదాన్ని తీసుకోండి. ఆ తర్వాత దాన్నే 600 గజాలకో 800 గజాలకో తీసుకెళ్లి నిలువు ఎంత వస్తోందో చూడండి. అక్కడ కూడా బాగుంటే పెట్టె అంచు మీద ముద్రించిన లాట్ (ఒకే విడత తయారీ) నంబరు రాసుకుని, అదే లాట్ ఎన్ని దొరికితే అన్ని తెచ్చుకోండి. ఒకే కంపెనీ, ఒకే పేరు, లాట్ మారితే వేగం మారుతుంది, జీరో కూడా కాస్త కదలొచ్చు. పాత లాట్ పోటీకి, కొత్త లాట్ సాధనకి అని వేరుచేసి పెట్టుకోవడం నా అలవాటు.

రెండు క్యాలిబర్ల రైఫిళ్లు ఉన్నవాళ్లు బల్ల మీద ఒక్క కార్ట్రిడ్జ్ పెట్టెనే ఉంచండి. .308, 6.5 క్రీడ్‌మూర్ కేసుల అడుగు వ్యాసం ఒకటే, ఒకే మ్యాగజీన్‌లో పడతాయి, హడావుడిలో కళ్లు మోసపోతాయి. తప్పు చాంబర్‌లో తప్పు తూటా పేలితే రైఫిల్‌తో పాటు మొహానికీ చేతులకీ ప్రమాదం.

147 గ్రెయిన్లా 140 గ్రెయిన్లా అని తరచూ వచ్చే వాదనకి నా మాట, కాగితం మీద 147దే పైచేయి, గాలిలో కొంచెం తక్కువ పోతుంది. నా రైఫిల్‌లో మాత్రం 140 వేగం తేడా తక్కువగా ఉంటుంది కాబట్టి దాన్నే కాలుస్తాను. గాలిలో లాభించే రెండు మూడు అంగుళాల కోసం నిలువులో అయిదు అంగుళాలు పోగొట్టుకుంటే అసలుకే మోసం. మీ రైఫిల్‌లో తారుమారు కావచ్చు, పై పరీక్ష చేసి చూసుకోండి.

సాధనకి 6.5తో పాటు ఒక .22 ఎల్‌ఆర్ రైఫిల్ ఉంటే మంచి జోడీ. 100 గజాలకే 10 మైళ్ల గాలికి నాలుగు అంగుళాల దాకా పోతుంది, అంటే గాలి చదవడం నేర్చుకోవడానికి వెయ్యి గజాల రేంజ్ దాకా వెళ్లక్కర్లేదు, 6.5 బారెల్ అరగదు, తన్ను ఉండదు. కుదిరితే అదే బరువు, అదే ట్రిగ్గర్, అదే స్కోప్ గీతలు ఉండేలా చూసుకోండి, చెయ్యి అలవాటు నేరుగా పెద్ద రైఫిల్‌కి వచ్చేస్తుంది.

ఎవరికి 6.5 వద్దంటానంటే, ఎఫ్-టీఆర్, పాల్మా వాళ్లకి నిబంధన ఒప్పుకోదు. ఎఫ్-ఓపెన్‌లో గెలుపే లక్ష్యమైనవాళ్లు 7 ఎంఎం వైపు చూడాలి. 1,300 గజాలు దాటి తరచూ కాల్చేవాళ్లకి ఇది చేతులెత్తేస్తుంది, ఇంకా శక్తివంతమైన 6.5 పీఆర్‌సీ దగ్గర్నుంచి పైకి ఏదో ఒకటి చూసుకోవాలి. బారెల్ మార్చడం అన్న మాటే గిట్టనివాళ్లు .308తో ఉండిపోవడమే మేలు. 300 నుంచి 1,100 గజాల మధ్య కాగితం మీదా స్టీల్ మీదా ఫ్యాక్టరీ తూటాలతో కాల్చేవాళ్లందరికీ 6.5 క్రీడ్‌మూర్, 140 గ్రెయిన్ల మ్యాచ్ బుల్లెట్, అయిదుకి నాలుగున్నర. ఆ అర మార్కు బారెల్ కోసం తగ్గించాను.